రాతి మందు ఉండవలసింది ఊరి బోరు దగ్గర కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర

నీటిలో కరిగిన సీసం, కాడ్మియం, రాగి, జింకు వంటి భారలోహాలను పట్టి ఉంచే గుణం కొన్ని సహజమైన రాళ్లకు ఉన్నది. ఆ రాళ్లను జియోలైట్లు అంటారు. ఇందులో మంత్రతంత్రాలేవీ లేవు. చాలాకాలంగా శాస్త్రజ్ఞులకు తెలిసిన విషయమే. అయితే ఈ నిజాన్ని పట్టుకుని, ‘బోరుకు రాతి ఫిల్టరు బిగిస్తే కాలుష్యం పోతుంది, ఇక గొడవ దేనికి’ అనే ధోరణి ఏర్పడితే దానివలన నష్టపోయేది పటాన్‌చెరు, జిన్నారం, గుమ్మడిదల మండలాల గ్రామస్థులే. రాయి చేసే పని ఎంత, చేయలేని పని ఎంత అన్నది పంచాయతీ పెద్దలు, రైతులు ముందే తెలుసుకోవడం మంచిది. డబ్బు ఖర్చయిన తరువాత తెలుసుకుని ప్రయోజనం లేదు.

సంగారెడ్డి జిల్లాకు ఈ విషయంతో ఉన్న సంబంధం కొత్తది కాదు. 1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ ఏర్పడింది. తరువాత బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం వైపు కూడా ఫ్యాక్టరీలు వెలిశాయి. మందులు, రసాయనాలు, లోహపు పూతలు, రంగులు, ఇలా రకరకాల పరిశ్రమల వ్యర్థ జలాలు ఏళ్ల తరబడి వాగుల్లో, చెరువుల్లో కలిశాయి. నక్కవాగు ఆ భారాన్నంతా మోసుకుని మంజీరలో కలుస్తున్నది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు దశాబ్దాలపాటు ఈ అన్యాయంపై పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంటలు పోయిన రైతులకు పరిహారం ఇవ్వాలనీ, నీళ్లు చెడిన గ్రామాలకు మంచినీరు సరఫరా చేయాలనీ కోర్టు ఆదేశాలు వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు మట్టిని పరీక్షించి, ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్నట్లు 2001లో వెల్లడించారు. మట్టిలో చేరిన లోహం ఎక్కడికీ పోదు. ఆకులాగా కుళ్లదు, కిరసనాయిలులాగా ఆవిరి కాదు. కొంత అక్కడే ఉంటుంది, కొంత వానతోపాటు కిందికి దిగుతుంది, కొంత గడ్డిలోకీ గింజలోకీ ఎక్కుతుంది.

వడ్లకు ఉప్పు మార్పిడి

జియోలైట్ పనిచేసే తీరు పల్లెటూరివారికి అర్థం కానిదేమీ కాదు. పూర్వం ఉప్పు అమ్మేవాడు ఊళ్లోకి వస్తే ఇల్లాలు చేటలో వడ్లు పోసి ఉప్పు తీసుకునేది. డబ్బు ప్రసక్తి లేదు. ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకోవడమే. ఈ రాయి చేసేదీ అదే.

సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి కట్టుకున్న తేనెపట్టు వంటిది జియోలైట్. కంటికి కనిపించనంత చిన్న గదులు, ఒక గదినుంచి మరొక గదికి దారులు ఉంటాయి. ఆ గోడలకు రుణ విద్యుదావేశం ఉంటుంది. దాన్ని సరిపెట్టేందుకు ధన విద్యుదావేశం గల సోడియం, పొటాషియం, కాల్షియం వంటివి గదుల్లో వదులుగా కూర్చుని ఉంటాయి. సీసం కలిసిన నీరు ఆ దారిన పోతే సీసం లోపలికి వెళ్లి కూర్చుంటుంది, బదులుగా సోడియం బయటికి వస్తుంది. రాయి సీసాన్ని తీసుకుని ఉప్పులోని సోడియాన్ని ఇచ్చిందన్నమాట. ఇది జల్లెడ పట్టడం కాదు, మార్పిడి. ఈ తేడా గుర్తుంటే ముందు చెప్పబోయేవన్నీ సులభంగా బోధపడతాయి.

ఈ రాయికి పేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు ఖనిజ శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెడ్. 1756లో ఆయన ఒక ఖనిజాన్ని మంటలో వేడి చేస్తే దానిలోని నీరు బుసబుస పొంగింది. అందుకని ‘మరిగే రాయి’ అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలతో పేరు పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటినుంచీ బాయిలర్లకు పోసే కఠిన జలాన్ని మెత్తబరచడానికి కృత్రిమ జియోలైట్‌ను వాడుతున్నారు. కాలేజీ పిల్లలు రసాయనశాస్త్రంలో చదివే పెర్మ్యుటిట్ పద్ధతి అదే. బట్టల సబ్బుపొడుల్లోనూ దాన్ని కలుపుతున్నారు.

సహజంగా దొరికే జియోలైట్లు నలభైకి పైగా ఉన్నాయి. లోహాలను పట్టడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడేది క్లినోప్టిలోలైట్ అనే రకం. అగ్నిపర్వతాల బూడిద పొరలు పొరలుగా పేరుకుని, నీటి ప్రభావంతో కాలక్రమేణా ఇది తయారవుతుంది. దీనికి అన్ని లోహాలపట్ల ఒకే మోజు లేదు. సీసమంటే అన్నిటికంటే ఇష్టం. ఆ తరువాత కాడ్మియం, రాగి, వాటి వెనుక జింకు. కోబాల్టు, నికెల్ వంటివి చివరి వరుసలో నిలబడతాయి. అంటే నికెల్ పూత వేసే షెడ్డునుంచి వచ్చే నీటిని శుద్ధి చేయడం బ్యాటరీల సీసపు నీటిని శుద్ధి చేసినంత తేలిక కాదు.

రాయి ముట్టుకోని విషాలు

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ధన విద్యుదావేశం గలవాటితోనే రాయి మార్పిడి చేస్తుంది. నీటిలో ఆర్సెనిక్ సాధారణంగా అటువంటి రూపంలో ఉండదు. చర్మానికీ కడుపుకూ అన్నిటికంటే ప్రమాదకరమైన ఆరో తరగతి క్రోమియం క్రోమేటు రూపంలో, రుణ విద్యుదావేశంతో ఉంటుంది. ఫ్లోరైడ్ కూడా అంతే. ముడి జియోలైట్ గుండా ఈ మూడూ దాదాపు ఎలా వెళ్లినవి అలాగే బయటికి వస్తాయి. గోడా రుణమే, వచ్చినదీ రుణమే అయినప్పుడు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి తప్ప పట్టుకోవు.

పటాన్‌చెరు మట్టిలో కనిపించినవాటిలో మొదట చెప్పుకోవలసినవి ఆర్సెనిక్, క్రోమియం. ఇది గమనించవలసిన విషయం. ఈ ప్రాంతానికి అన్నిటికంటే అవసరమైన చోటనే ముడి రాయి చేతులెత్తేస్తున్నది. రాయికి ఇనుము పూత పూసో, ప్రత్యేకమైన రసాయనంతో పైపొర మార్చో ఆర్సెనిక్‌నూ క్రోమేటునూ పట్టేలా చేయవచ్చునని పరిశోధనశాలల్లో రుజువైంది. కానీ అది వేరే సరుకు, దాని ధర వేరు, దాని నిర్వహణ వేరు. ‘జియోలైట్ ఫిల్టరు’ అని ఒకే పేరు పెట్టి ముడి రాయినీ దాన్నీ ఒకే గాటన కట్టడం మోసమే అవుతుంది.

పొరుగున ఉన్న నల్లగొండ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో పటిక, సున్నం వాడే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. ఫ్లోరైడ్‌కు తగిన విరుగుడు ఏదో చూసి తయారుచేసిన పద్ధతి అది. రోగం తెలిసి మందు వెతికారు. మందు చేతికి దొరికింది కదా అని దానికి తగ్గ రోగాన్ని వెతకలేదు. జియోలైట్ విషయంలో ఈ రెండో పని జరగకూడదు.

క్రోమియం పూత పనులు చేసే చిన్న షెడ్లలో సరైన వరస వేరే ఉన్నది. మొదట అన్నభేది వంటిది కలిపి ఆరో తరగతి క్రోమియాన్ని మూడో తరగతికి దించాలి. తరువాత సున్నం వేస్తే అది అడుగుకు పేరుకుంటుంది. అప్పటికీ నీటిలో మిగిలిన జింకు, రాగి వంటి శేషం ఉంటే, అక్కడ, ఆ చివరి మెట్టులో జియోలైట్ తొట్టి పెట్టడం తెలివైన పని. ఈ వరసను తిరగేసి మొదటే రాతి తొట్టి పెడితే రాయి పాడవుతుంది, విషం పోదు.

అదీగాక ఫ్యాక్టరీ నీరు బాగా ఆమ్లంగా ఉంటే ఇంకో కష్టం ఉన్నది. ఆమ్లంలోని హైడ్రోజనే ముందుగా వెళ్లి గదులన్నీ ఆక్రమిస్తుంది. ఆమ్లం మరీ ఘాటైతే రాతి గోడలే కరుగుతాయి. మందుల ఫ్యాక్టరీల నీటిలో ఉప్పు విపరీతంగా ఉంటుందని ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఉప్పులోని సోడియం కోట్లాదిగా వచ్చి పడుతుంటే సీసానికి సీటు దొరకడం సంక్రాంతి ముందు రోజు బస్సులో సీటు దొరకడం వంటిదే.

ఈ ఉప్పు సంగతి కోస్తా రొయ్యల రైతులకు బాగా తెలియాలి. నెల్లూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో రొయ్యల చెరువుల్లో అమ్మోనియా తగ్గించేందుకని జియోలైట్ పొడిని బస్తాలకు బస్తాలు చల్లుతున్నారు. మంచినీటి తొట్టిలో అది అమ్మోనియాను పట్టడం నిజమే. ఉప్పునీటిలో సోడియం అడ్డుపడటం వలన దాని శక్తి చాలావరకు తగ్గిపోతుందని మత్స్యశాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. అయినా బస్తాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. సరుకు మంచిదే కావచ్చు, వాడే చోటు తప్పయితే రైతు డబ్బు నీళ్లపాలు.

ఊరి బోరు లెక్క

తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించి సీసం ఉండరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. కాడ్మియం 0.003 మిల్లీగ్రామును మించరాదు. ఈ అంకెల సూక్ష్మత ఎంతో ఊహించడానికి ఒక లెక్క. ఒకే ఒక్క గ్రాము సీసం లక్ష లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకువెళ్లగలదు.

ఇప్పుడు ఒక బోరు నీటిలో ఆ హద్దుకు పదింతలు, అంటే లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం ఉన్నదనుకుందాం. అదే నీటి కఠినత 300 అనుకుందాం. ఈ ప్రాంతపు బోర్లలో ఇది అరుదేమీ కాదు. ఆ నీటిలో సీసం మోసే ఆవేశానికి కాల్షియం, మెగ్నీషియం మోసే ఆవేశం దాదాపు ఆరువేల రెట్లు. ఒక్క సీటుకోసం ఒక సీసపు ప్రయాణికుడు, ఆరువేలమంది సున్నపు ప్రయాణికులు పోటీ పడుతున్నారన్నమాట. రాయికి సీసమంటే మక్కువ ఉన్నది కాబట్టి దాన్ని వెతికి పట్టుకుంటుంది, కాదనలేము. కానీ ఆ గుంపులో వెతకడానికి సమయం కావాలి, రాయి ఎక్కువ కావాలి.

క్వింటాలు మంచి జియోలైట్‌ను తీసుకున్నా, అది 300 కఠినత గల నీటిలోని సున్నపు లవణాలతోనే నిండిపోయేట్లయితే పాతిక వేల లీటర్లకు దాని పని అయిపోతుంది. వెయ్యిమంది జనాభా గల ఊరికి మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 55,000 లీటర్లు కావాలి. ఒక్క పూటకు కూడా చాలదు. సీసానికి మాత్రం అటు తరువాత కూడా కొంతకాలం చోటు దొరుకుతుంది. ఎంతకాలం అన్నది ఆ ఊరి నీటిని పరీక్షించి చెప్పవలసిందే. కంపెనీ కాగితం మీద అచ్చయిన అంకె స్వేదన జలంలో సీసం కలిపి చూసిన అంకె అయి ఉండవచ్చు. బోరులో స్వేదన జలం రాదు.

ఇంకా ఘోరమైనది వేరే ఉన్నది. రాయి నిండిపోయిన రోజు ఎవరికీ తెలియదు. నీటి రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. నిన్నటిదాకా సీసాన్ని పట్టిన తొట్టి ఇవాళ పట్టడం మానేస్తుంది, బిందెలు మాత్రం ఎప్పటిలాగే నిండుతాయి. పైగా మార్పిడి అన్నది రెండువైపులా నడిచే బేరం. నిండిన రాతిమీదుగా ఉప్పుశాతం ఎక్కువైన నీరు వస్తే పట్టిన లోహాన్ని రాయి తిరిగి విడిచిపెట్టగలదు. ఉప్పునీటితో కడిగి రాయిని తిరిగి వాడుకునే పద్ధతి నడిచేదే ఈ సూత్రం మీద. ఎండాకాలంలో బోర్లు అడుగంటి నీరు ఉప్పెక్కే గ్రామాల్లో ఈ ప్రమాదాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు.

చాలామంది చేతిలో పట్టుకుని తిరిగే టీడీఎస్ మీటరు ఈ విషయంలో ఎందుకూ పనికిరాదు. అది నీటిలోని ఉప్పులన్నిటినీ కలిపి ఒక అంకె చూపుతుంది. 600 అని చూపినప్పుడు అందులో సీసం 0.1 మిల్లీగ్రాము ఉన్నా లేకపోయినా ముల్లు కదలదు. జియోలైట్ ఒకటి తీసుకుని ఒకటి ఇస్తుంది కాబట్టి ఆ అంకె తగ్గదు కూడా. నీరు కాచితే లోహం పోతుందనుకోవడం మరీ పొరపాటు. ఆవిరైపోయేది నీరే, లోహం గిన్నెలోనే ఉంటుంది. కాచిన కొద్దీ చిక్కబడుతుంది.

మిషన్ భగీరథ నల్లా వచ్చిన ఊళ్లలో తాగడానికి నది నీరు దొరుకుతున్నది కదా, ఇక బోరు గొడవ దేనికని కొందరు అనవచ్చు. పశువులు ఎక్కడ తాగుతున్నాయి? నల్లా రాని రోజు జనం ఏ నీటికి పోతున్నారు? మడికీ, కూరగాయల పాదులకూ పారేది ఏ నీరు? ఆకుకూరల కట్టలు సైకిళ్లమీదా ఆటోలమీదా పట్నానికి పోతున్నాయి. కాబట్టి ఇది ఒక్క పల్లెల బాధే అనుకునే పట్నవాసుల నిశ్చింతకు కూడా ఆధారం లేదు.

పట్టిన విషాన్ని ఎక్కడ పారేస్తారు?

లోహం మూలకం. దాన్ని ఏ రాయీ నాశనం చేయలేదు, నీటినుంచి తీసి తనలో దాచుకుంటుంది అంతే. గ్రాము రాయికి అయిదు మిల్లీగ్రాముల చొప్పున సీసాన్ని పట్టిందనుకుంటే క్వింటాలు రాతిలో అరకిలో సీసం చేరుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అది అయిదు కోట్ల లీటర్ల నీటిని హద్దు దాకా తీసుకుపోగల సరుకు. ఈ రాతిపొడిని తీసి పంచాయతీ సిబ్బంది చెరువు గట్టున పారబోస్తే? పొలానికి మంచిదని ఎవరైనా ఎరువులో కలిపితే? పొలాలకు జియోలైట్ వేసే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది కాబట్టి ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. ఇటువంటి వ్యర్థాన్ని ప్రమాదకర వ్యర్థంగా నమోదు చేసి, దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రత్యేక నిల్వ కేంద్రానికి పంపాలి. ఫ్యాక్టరీకి ఆ బాధ్యతను చట్టం ఇప్పటికే అప్పజెప్పింది. గ్రామ పంచాయతీకి ఆ లారీ ఖర్చు ఎవరిస్తారు?

పెద్ద దేశాలకు సైతం ఈ తలనొప్పి తప్పలేదు. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు రేడియోధార్మిక సీజియం, స్ట్రాన్షియంలను నీటినుంచి తీసింది జియోలైట్లే. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలోనూ వాటినే నమ్ముకున్నారు. కేంద్రం భవనాల నేలమాళిగల్లో జియోలైట్ సంచులు పేర్చారు. అవి సీజియాన్ని బాగానే పట్టాయి. ఎంత బాగా పట్టాయంటే, ఆ సంచుల దగ్గరికి మనిషి వెళ్లలేనంత రేడియోధార్మికత వాటిలోనే పేరుకుని, వాటిని తీయడం ఏళ్ల తరబడి పెద్ద సమస్యగా మిగిలింది. రాయి గెలిచింది, సమస్య చోటు మారింది.

చోటు మారడమంటే ఏమిటో పటాన్‌చెరువాసులకు విదేశాల ఉదాహరణ అక్కర్లేదు. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చిన తరువాత నక్కవాగు బాగుపడుతుందన్నారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ కేంద్రంలో శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ప్రపంచమంతా విస్తుపోయింది. తరువాత గొట్టం వేసి ఆ నీటిని హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడినుంచి వదిలే నీరు మూసీలోకి పోతుంది. మూసీ కింద వరి పండించే రైతులూ రైతులే. ముడి జియోలైట్ ఇటువంటి మందుల అవశేషాలకు నమ్మదగిన విరుగుడు కాదన్నది కూడా కలిపి చెప్పుకోవాలి.

‘సహజం’ అన్న మాట

సహజమైన రాయి కదా, దానివలన హాని ఏముంటుందని అమాయకంగా అడిగేవారున్నారు. ఈ పేరుతో కొన్ని దేశాల్లో జియోలైట్ పొడిని ‘ఒంట్లో విషం తీసే మందు’గా నీళ్లలో కలిపి తాగమని కూడా అమ్ముతున్నారు. టర్కీ దేశంలోని కప్పడోషియా ప్రాంతంలో కొన్ని గ్రామాలవారు తరతరాలుగా అక్కడి మెత్తటి అగ్నిపర్వత శిలలతో ఇళ్లు కట్టుకున్నారు. ఆ శిలలో ఎరియొనైట్ అనే నారవంటి జియోలైట్ ఉన్నది. దాని ధూళి పీల్చి ఊళ్లకు ఊళ్లు ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్ బారిన పడ్డాయి. 1970లలో వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎరియొనైట్‌ను క్యాన్సర్ కలిగించే వస్తువుల మొదటి తరగతిలో చేర్చింది. క్లినోప్టిలోలైట్ ఆ రకానికి చెందినది కాదు, అది నారలా ఉండదు. కానీ సంచిమీద ‘సహజ జియోలైట్’ అని మాత్రమే రాసి ఉంటే లోపల ఏ రకం ఉన్నదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? రకం పేరు, శాతం, పరీక్ష పత్రం లేని సంచిని ముట్టుకోకపోవడమే క్షేమం. ఏ జియోలైట్ పొడినైనా మూతికి గుడ్డ కట్టుకోకుండా చల్లరాదు.

జిల్లాలోనే ఈ రాయి దొరుకుతుంది కదా అనే ప్రశ్న కూడా రావచ్చు. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాల్లో నల్లరేగడి కింద ఉన్నది దక్కను లావా శిల. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పొంగి గడ్డకట్టిన బండ అది. బావి తవ్వేటప్పుడు ఆ నల్లరాయి పగిలితే లోపల గుంటల్లో తెల్లగా, ముత్యంలా మెరిసే పలుకులు కనిపించడం కద్దు. అటువంటి గుంటల్లో జియోలైట్లు ఏర్పడతాయి. ఇదే శిల పరచుకున్న మహారాష్ట్రలోని పుణె, నాసిక్, జల్‌గావ్ ప్రాంతాల పలుకులు అందంలో ప్రపంచ ప్రసిద్ధమై మ్యూజియంలకు చేరాయి. అయితే తెల్లగా మెరిసేదంతా జియోలైట్ కాదు. కాల్సైట్, స్ఫటికం కూడా అవే గుంటల్లో ఉంటాయి. పైగా ఇక్కడ అది గుంటల్లో పిడికెడు పిడికెడుగా దొరికేదే కాని, విదేశాల్లోలాగా పలుగు దించితే లారీలకు లారీలు వచ్చే బూడిద పొర కాదు. కంకర క్రషర్ల దగ్గర వృథాగా పోయే రాతిలో జియోలైట్ పాలెంతో, అది సీసాన్నీ కాడ్మియాన్నీ ఎంతమేర పడుతుందో పరిశీలించడానికి హైదరాబాద్‌లో కావలసినన్ని పరిశోధనశాలలు ఉన్నాయి. ఈ పని చేయించవలసింది ప్రభుత్వం. అంతవరకూ ఇంట్లో రోకలితో దంచి కుండలో వేసుకోవడం మాత్రం తగని పని.

ఎవరు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

ఇంత చెప్పిన తరువాత జియోలైట్ దండుగ అనుకుంటే అదీ పొరపాటే. లోహం ఏదో తెలిసి, నీరు ఆమ్లంగా లేకుండా చేసి, సున్నంతో అధిక భాగం దించిన తరువాత, మిగిలిన శేషాన్ని పట్టడానికి ఇంత చవకైన, సులువైన సాధనం అరుదు. పాత బ్యాటరీలు కరిగించేవారు, రాగి, జింకు పూత వేసే చిన్న షెడ్లవారు పెద్ద యంత్రాలు పెట్టే స్తోమత లేదంటారు. వారికి ఇది సరిపోయే సాధనం. రెండు తొట్లు వరసగా పెట్టి, మొదటిదాన్నుంచి వచ్చే నీటిని రోజూ పరీక్షించి, లోహం కనిపించగానే రాయి మార్చడం ఒక మనిషి చేయగల పని. ఫ్యాక్టరీ గేటు లోపల నీరు కొద్దిగా ఉంటుంది, లోహం ఎక్కువగా ఉంటుంది. ఏ లోహమో యజమానికి ముందే తెలుసు. నిండిన రాతికి లెక్క ఉంటుంది. ఊరి బోరు దగ్గర ఈ నాలుగూ తలకిందులు. నీరు విస్తారం, లోహం రవ్వంత, ఏదో ఎవరికీ తెలియదు, రాయి బాధ్యత ఎవరిదీ కాదు. ఒకే రాయి ఒకచోట ఉపాయం, ఇంకొకచోట కంటితుడుపు కావడానికి కారణం ఇదే.

ఫ్యాక్టరీవారు ఊరికి ఫిల్టరు దానం చేస్తామని ముందుకు వస్తే సర్పంచులు, వార్డు సభ్యులు పూలదండలు సిద్ధం చేసుకోవడానికి ముందు, అదే ఫిల్టరు ఆ ఫ్యాక్టరీ కాలువకు ఎందుకు పెట్టలేదో అడగాలి. విషం వదిలినవాడే దాన్ని ఆపాలన్నది చట్టం. సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని 1996లోనే స్పష్టం చేసింది. ఫిల్టరు దానంగా వచ్చిన మరునాటినుంచి దాని నిర్వహణ ఊరి నెత్తిన పడుతుంది. ఎప్పుడైనా పిల్లలకు జబ్బు చేస్తే తొట్టి కడగలేదని పంచాయతీ మీదికే తోస్తారు.

కాలుష్య నియంత్రణ మండలి అధికారులు కూడా పారిశ్రామికవాడల్లోని చిన్న లోహపు షెడ్ల జాబితాను ఏ లోహం, ఎంత నీరు, ఏ శుద్ధి అనే వివరాలతో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. ఇది రహస్యమేమీ కాదు. ఏ షెడ్డు ఏ లోహం వాడుతున్నదో తెలియకుండా బోరు నీటిలో దేనికోసం వెతకాలో ఎవరు చెప్పగలరు?

నీటి పరీక్ష సంగతి కూడా గ్రామస్థులు తెలుసుకోవలసి ఉన్నది. మామూలు పరీక్షలో ఉప్పుశాతం, కఠినత, ఫ్లోరైడ్, నైట్రేటు చూసి ‘తాగవచ్చు’ అని చీటీ ఇస్తారు. అందులో లోహాల ఊసు ఉండకపోవచ్చు. దరఖాస్తులో సీసం, కాడ్మియం, నికెల్, ఆర్సెనిక్, మొత్తం క్రోమియం, ఆరో తరగతి క్రోమియం అని పేరుపేరునా రాసి అడగాలి. నమూనాను కూల్‌డ్రింకు సీసాలో పట్టి ఎండలో రెండు రోజులు ఉంచి తీసుకుపోతే ఫలితం తప్పుతుంది. లోహం సీసా గోడలకు అంటుకుని పరీక్షకు దొరకదు. లోహాల నమూనాకు ప్రయోగశాలవారే నత్రికామ్లపు చుక్కలు వేసిన శుభ్రమైన సీసా ఇవ్వాలి. ఆరో తరగతి క్రోమియానికి మాత్రం ఆమ్లం వేయని వేరే సీసా కావాలి, దాన్ని చల్లగా ఉంచి త్వరగా చేర్చాలి. వానలకు ముందు వైశాఖంలో ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత కార్తికంలో ఒకసారి, అదే బోరునుంచి, మోటారు కొంతసేపు నడిచాక పట్టాలి. వచ్చిన చీటీలను గ్రామసభలో చదివి వినిపించి, నకళ్లు ఊళ్లోనే భద్రపరచాలి. ఒక్కసారి పరీక్షతో ఫ్యాక్టరీవారు తప్పించుకోగలరు. మూడేళ్ల చీటీలు వరసగా ముందు పెడితే అంత తేలికగా తప్పించుకోలేరు.